గృహస్థుని అభయదానము



సన్న్యాసము స్వీకరించువాడు చేయు ప్రతిజ్ఞలలో ప్రధానమైనది సర్వభూతములకు అభయమిచ్చుట. తనవలన ఏ ప్రాణియు భయపడకుండుగాక అని సంకల్పించి అతడు ఇల్లు విడుచును. గృహస్థునకు అంతటి ప్రతిజ్ఞ శక్యము కాదు. పొయ్యి, తిరుగలి, చీపురు, రోలు, నీటికుండ అను ఐదు చోట్ల అతనికి తెలియకయే హింస జరుగుచుండును. మనుస్మృతి వీనిని పంచసూనలని పేర్కొని, ఆ దోషనివృత్తికై పంచమహాయజ్ఞములను విధించినది. వానిలో భూతయజ్ఞము ఒకటి. నేడు అది అనేక గృహములలో కాకికి పెట్టు అన్నపుముద్దగా మిగిలినది. కొన్నింట అదియు లేదు.

అయినను ఒక ప్రాణిని ఇంటికి తెచ్చి, ఇకపై దీని బ్రతుకు మా బాధ్యత అని నిశ్చయించుకొను గృహస్థులు ఇప్పటికిని కలరు. సన్న్యాసి సర్వభూతములకు ఇచ్చు అభయమునే వారు ఒకటి రెండు ప్రాణులకు ఇచ్చుచున్నారు. పరిమాణము చిన్నది, ధర్మము అదియే. అయితే ఇందొక విచారణీయాంశము కలదు. అభయము ఎప్పుడు ఇచ్చినట్లగును? వెల చెల్లించి పలుపు చేతబట్టిన క్షణముననా, ఆ ప్రాణి హృదయమునుండి భయము తొలగిన దినముననా? సింగరాయకొండలోని ఒక కుటుంబమునకు రెండు మేకపిల్లలు ఈ ప్రశ్నను పాఠముగా చెప్పినవి.

ప్రకాశము జిల్లాలోని ఈ ఊరు వరాహలక్ష్మీనరసింహస్వామి క్షేత్రముగా ప్రసిద్ధము. కొండమీద స్వామి, క్రింద రైలుమార్గము, జాతీయ రహదారి, తూర్పున కొలది దూరములో సముద్రము. ఆ ఊరిలో ఉద్యోగవిరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడు, ఆయన భార్య నివసించుచున్నారు. వారి మనుమరాలు జ్వరముతో ఆసుపత్రిలో ఉన్న దినములలో, ఉపాధ్యాయుని అక్కగారు పోలేరమ్మకు ఒక మేకను మ్రొక్కుకొనిరి. బిడ్డ కోలుకొన్నది. మ్రొక్కు మిగిలినది.

"అమ్మవారికి అనుకున్నది అమ్మవారికే ఇవ్వాలి. బిడ్డ విషయంలో మాట తప్పితే మంచిది కాదు" అని అక్కగారు పట్టుపట్టిరి. ఇల్లాలు ఆమెను ఎదిరించలేదు. "ఇస్తాను వదినా. బతికించి ఇస్తాను" అని మాత్రము అనెను. అక్కగారు బదులు చెప్పక మొగము త్రిప్పుకొనిరి.

ఆలయ పరిసరములలో బలిని నిషేధించు చట్టము 1950 నుండియు ఉన్నది. కాని ఆ ఇంటిలోని తగవు చట్టమును గూర్చినది కాదు. ప్రాణమును తీయక ప్రాణిని సమర్పించినచో మ్రొక్కు చెల్లునా అనునదే అచటి సందేహము. ఈ సందేహము నేటిదియు కాదు. మహాభారతము శాంతిపర్వములోని నారాయణీయోపాఖ్యానము దీనినే కథగా చెప్పినది. యజ్ఞమునకు విధింపబడిన "అజ" శబ్దమునకు మేక అని దేవతలు, ధాన్యబీజములని ఋషులు అర్థము చెప్పిరి. మధ్యస్థుడైన ఉపరిచరవసువు పక్షపాతముతో దేవతల వైపు మాటాడి, ఆకాశగమనము కోల్పోయి భూవివరములో పడెను. నారాయణభక్తి వలననే తిరిగి ఉద్ధరింపబడెను. శ్రౌతకర్మలందలి పశువిధి మీమాంసకులు విస్తరముగా విచారించిన వేరొక విషయము. గృహస్థుని మ్రొక్కునందు మాత్రము గుమ్మడికాయను కొట్టి బలిగా సమర్పించు ఆచారము తెలుగునాట చిరకాలముగా ఉన్నది. దేవతకు చేరవలసినది భక్తుని త్యాగము. ఒక ప్రాణిని జీవితాంతము పోషించుటలో త్యాగము తక్కువయని ఎవరును చెప్పజాలరు.

కనుక ఆ దంపతులు సమీపగ్రామములోని ఒక వృద్ధుడైన మేకల కాపరి వద్దకు వెళ్లి, పాలు మరచిన నల్లని ఆడుపిల్లను ఒకదానిని బేరమాడిరి. కాపరి సొమ్ము తీసికొనుటకు ముందే ఒక మాట చెప్పెను. "ఒక్కదాన్నే తీసకపోబాకండయ్యా. మందలో పుట్టింది. ఒంటరిదైతే అరిచి అరిచి మేత మానేసిద్ది." మేక మందతో జీవించు ప్రాణి. తోడు లేని మేకకు ఎంత మంచి కొట్టమైనను చెరసాలయే. అందువలన నల్లపిల్లతో కలసి పెరిగిన మరొక ఆడుపిల్లను కూడ వారు తీసికొనిరి. దాని ఒడలిపై ఎరుపు, తెలుపు, నలుపు మూడు వన్నెలును ఉన్నవి.

శ్వేతాశ్వతరోపనిషత్తు చదివినవారికి ఈ మూడు వన్నెలు వెంటనే స్ఫురించును. లోహిత శుక్ల కృష్ణ వర్ణములు గల ఒక అజను, ఆమెను అనుభవించుచు ఆమెయొద్దనే పరున్న ఒక అజుని, అనుభవించి విడిచిపోయిన వేరొక అజుని ఆ ఉపనిషత్తు వర్ణించినది. అజ యనగా మేక, అజ యనగా పుట్టుక లేనిది కూడ. ఇది సాంఖ్యుల ప్రధానమే అను వాదమును శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యములో నిరాకరించి, తేజస్సు, జలము, అన్నము అను భూతసూక్ష్మములకు ఛాందోగ్యము చెప్పిన వన్నెలే ఇవి యని, మేక యనునది ఉపదేశసౌకర్యమునకై చేసిన కల్పన యని నిర్ణయించిరి. ఆ ఉపమానము శ్రోతకు సుబోధమగుటకు కారణము, నాటి ప్రతి పెరటిలోను ఒక మేక కట్టబడి యుండుటయే కావచ్చును. మంత్రములోని అజను ధ్యానించువాడు పెరటిలోని అజను మరువరాదు.

ఆ దినమే మేకపిల్లలను ఆటోలో ఊరికి తెచ్చిరి. అటునుండి అటే పోలేరమ్మ గుడికి తీసికొనిపోయి, డప్పు మ్రోగుచుండగా ప్రదక్షిణము చేయించి, నల్లపిల్లకు పసుపు కుంకుమలు పెట్టి, అమ్మవారి సొత్తుగా ఇంటికి మరలించిరి. పెరటిలో క్రొత్తగా వేసిన పాకలో రెండు గుంజలకు కట్టిరి. వీధిలోని పిల్లలందరు చేరి తాకిరి, ఎత్తుకొనిరి, ఫోటోలు తీసికొనిరి. రాత్రంతయు ఆ పిల్లలు అరచుచునే యున్నవి. మరునాడు ఇరుగుపొరుగు స్త్రీలు అమ్మవారి మేకయని భక్తితో చక్కెరపొంగలి, అన్నము, అరటిపండ్లు తెచ్చి తినిపించిరి. అందరిలోను ప్రేమయే. దోషము ఎవరిలోను లేదు.

మూడవనాటి ఉదయము నల్లపిల్ల లేవలేదు. ఎడమ డొక్క ఉబ్బి బిగిసినది. పండ్లు కొరుకుచున్నది. నెమరు లేదు.

మేక కడుపునందు నాలుగు అరలు కలవు. వానిలో పెద్దది ఎడమవైపున ఉండును. మేసిన ఆకు అచట కంటికి కనబడని కోట్లాది సూక్ష్మజీవుల చేత పులిసి జీర్ణమగును. ఆ జీవులు ఏ మేతకు అలవడియున్నవో ఆ మేతనే చక్కగా జీర్ణింపజేయగలవు. ఆకు అలములకు అలవడిన కడుపులో అకస్మాత్తుగా అన్నము, బెల్లము పడినచో పులుపు మితిమీరి, వాయువు నిండి, ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోవును. మనుష్యునకు ప్రసాదమైనది మేకకు విషమగుట ఈ కారణముననే.

వార్త విని అక్కగారు వచ్చిరి. పాక వెలుపల నిలిచి, ఏమియు అనలేదు. ఆమె అనని మాట ఇంటిలోని వారందరికి వినబడినది. ఈ పిల్ల మరణించినచో అమ్మవారు తనది తాను తీసికొన్నదని లోకము చెప్పును. ఆపై ఆ వంశములో మరెవ్వరును బ్రతికించి ఇచ్చుటకు సాహసింపరు. ఆ చిన్న ప్రాణి మీద అంత భారము పడినది. అది దానికి తెలియదు.

పశువైద్యుడు వచ్చి మందు త్రాగించెను. ఇల్లాలు పిల్ల మెడను పట్టుకొనగా, ఉపాధ్యాయుడు దవడలు తెరచి ఉంచెను. అది భయముతో పెనుగులాడినది. పిమ్మట డొక్కను మర్దించుచు మెల్లగా నడిపించుమనియు, ఎండుగడ్డి, నీరు తప్ప వేరేమియు పెట్టవలదనియు వైద్యుడు చెప్పెను. ఆ రాత్రి ఇల్లాలు పాకలోనే కూర్చుండెను. తెల్లవారుజామున చీకటిలో దవడలు కదలుచున్న సన్నని చప్పుడు వినబడినది. పిల్ల నెమరు వేయుచుండెను.

ప్రాణము నిలిచినది. భయము మాత్రము పెరిగినది. ఆ దినము మొదలుకొని ఇల్లాలి చేయి కనబడినంతనే నల్లపిల్ల పాక మూలకు పరుగెత్తుచుండెను. తన్ను బ్రతికించిన చేతినే అది శత్రువుగా భావించినది. ఆ సంగతి ఇల్లాలిని మిక్కిలి బాధించినది. ఆమె రోజుకు పదిమారులు ఆకు పట్టుకొని దాని వెంట తిరుగుచు, బుజ్జగించుచు, పట్టుకొనుటకు యత్నించుచుండెను. ఎంత వెంబడించిన అది అంత దూరమైనది.

వారము గడచిన పిమ్మట కాపరి చూడవచ్చెను. పెరటిలో అడుగుపెట్టినంతనే అతని దృష్టి పూజకై పెంచిన గన్నేరుచెట్టు మీద పడినది. "ముందు దానికి కంచె కట్టండి. నాలుగాకులు తింటే చాలు, మిగలదు" అనెను. పిదప కొంతసేపు అరుగుమీద ఊరక కూర్చుండి, ఇల్లాలు మేకల వెంట తిరుగుట చూచి ఇట్లనెను: "అమ్మా, దాని మొహంలోకి చూడబాకండి. పట్టుకోబాకండి. అక్కడే కూర్చొని మీ పని మీరు చేసుకోండి. అదే వచ్చిద్ది."

"ఎన్నాళ్లకు వస్తుంది పెద్దయ్యా?"

"దానికి తెలిసినప్పుడు."

కాపరి మాటలో లోతైన తత్త్వము కలదు. మేక వేటాడబడు ప్రాణి. దాని కన్నులు తలకు రెండు ప్రక్కల ఉండి దాదాపు చుట్టునంతటిని చూడగలవు. తిన్నగా కన్నార్పక చూచుచు సమీపించునది దాని దృష్టిలో వేటమృగమే. ప్రేమతో చూచు చూపునకు, ఆకలితో చూచు చూపునకు భేదము దానికి మొదటినాడే తెలియదు. అట్లని అది మనుష్యుని ఎరుగని ప్రాణియు కాదు. సుమారు 10,000 సంవత్సరముల క్రితమే పడమటి ఆసియా కొండలలో మేక మనుష్యునకు మచ్చికయైనది. ఇంగ్లండు దేశములోని కెంట్ ప్రాంతములో మేకలకొక ఆశ్రయము కలదు. అచట పరిశోధకులు మనుష్యుల చిత్రములను మేకలకు చూపగా, కోపముతో నున్న ముఖములకంటె ప్రసన్నముఖముల వైపు అవి ఎక్కువగా వెళ్లినవని 2018లో ప్రకటించిరి. మేక మనుష్యుని చదువుచునే యుండును. తొందరపడకుండ చదువనిచ్చుటయే యజమాని చేయవలసిన పని.

నాటినుండి ఇల్లాలు నిత్యము సాయంకాలము పాకలో ఒక పీట వేసికొని, మేకల వైపు తిరుగక ప్రక్కగా కూర్చుండి, విష్ణుసహస్రనామ పారాయణము చేయసాగెను. వేళ మారలేదు, చోటు మారలేదు, స్వరము మారలేదు. పారాయణము ముగిసిన పిమ్మట ఒక అవిశకొమ్మను వాసమునకు కట్టి లేచిపోవుచుండెను. మొదటి దినములలో ఆమె వెళ్లినంతవరకు నల్లపిల్ల కదలలేదు. పిదప ఆమె ఉండగానే మేయసాగినది. తరువాత ఆమెకు మూరెడు దూరములో పండుకొని నెమరు వేయసాగినది. రెండవ పక్షములో ఒకనాడు అది వెనుకనుండి వచ్చి, ఆమె చేతిలోని పుస్తకపు అంచును కొరికి నమలినది. ఆమె చేయి ఎత్తలేదు. పారాయణము ఆపలేదు. కొంతసేపటికి దాని తల ఆమె మోచేతికి ఆనినది.

సహస్రనామములలో భయమును కలిగించువాడు, భయమును నశింపజేయువాడు అను అర్థములు గల రెండు నామములు ప్రక్కప్రక్కనే ఉన్నవి. ఇవి రెండును ఒక్కనికే ఎట్లు చెల్లునని సాధకులు సందేహించుట కద్దు. ఆ పాకలో జరిగినది దానికొక చిన్న సమాధానము. మందు త్రాగించిన చేయియు, పిదప తల ఆన్చుకొన్న చేయియు ఒక్కటే. జీవుడు భయమని తలచినది ఒక్కొక్కప్పుడు రక్షణయే యగును. అయితే రక్షింపబడినవానికి అది తెలియుటకు కాలము పట్టును. అంతవరకు రక్షించువాడు నిందను భరించి నిలిచి యుండవలెను. భక్తుడు భగవంతునకు శరణాగతి చేయుటను గూర్చి గ్రంథములు అనేకము కలవు. శరణమిచ్చినవాడు ఎంత ఓర్పు వహించునో ఊహించుటకు, ఒక మూగప్రాణికి శరణమిచ్చి చూచుట మంచి అభ్యాసము.

సింగరాయకొండ స్వామి నృసింహుడు గనుక మరొక విషయమును స్మరింపవచ్చును. హిరణ్యకశిపుని వధానంతరము ఆ ఉగ్రరూపమును సమీపించుటకు దేవతలు, లక్ష్మీదేవి కూడ వెనుకాడిరని భాగవతము సప్తమస్కంధము చెప్పుచున్నది. బాలుడైన ప్రహ్లాదుడు మెల్లగా దగ్గరకు నడచి సాష్టాంగపడెను. అతడు చేరువైన తరువాతనే స్వామి అతని శిరస్సుపై చేయి ఉంచెను. అభయహస్తము వెంబడించి పట్టుకొను హస్తము కాదు. వచ్చువానికై చాచి యుంచిన హస్తము.

మేకలను పోషింపదలచిన ఆస్తికుల ఉపయోగార్థము, ఈ కుటుంబము నేర్చుకొన్నదియు కాపరులు, పశువైద్యులు చెప్పునదియు ఇచట పొందుపరచబడినది. ఎన్నడును ఒక్కదానిని తేరాదు. కలసి పెరిగిన రెండింటిని తెచ్చుట ఉత్తమము. ఇంట అదివరకే మేకలున్నచో, క్రొత్తవానిని మూడు వారములైనను వేరుగా ఉంచవలెను. మొదటి రెండు మూడు దినములు నీడ, నీరు, నిశ్శబ్దము తప్ప వేరు సత్కారము వలదు. ఊరేగింపులు, దర్శనములు తరువాత చేసికొనవచ్చును. క్రొత్త చోట మెడకు త్రాడు కట్టి విడిచినచో, బెదరి చుట్టుకొని ఉరి పడు ప్రమాదము కలదు. చిన్న దడి కట్టి అందులో విడుచుట మేలు.

అమ్మినవానిని అది ఇంతవరకు ఏమి మేసినదో అడిగి, ఆ మేతనే కొన్ని దినములకు సరిపడ తెచ్చుకొనవలెను. క్రొత్త మేతను పది దినములలో కొంచెము కొంచెముగా కలుపుచు పోవలెను. మేక నేలబడి మలినమైన మేతను ముట్టదు. తల ఎత్తి కొమ్మ మేయుట దాని స్వభావము. కనుక అవిశ, సుబాబులు, రావి, వేప, తుమ్మ కొమ్మలను ఎత్తున వ్రేలాడగట్టవలెను. అన్నము, పొంగలి, పిండివంటలు ఎంత భక్తితో తెచ్చినను నిరాకరింపవలెను. గన్నేరు, ఆముదము దరిదాపుల ఉండరాదు. లేత జొన్నలో నాము విషముండును. ఈ ప్రాంతమున పురుగుమందు కొట్టిన మిరప, పత్తి చేల గట్లపై మేపుట మిక్కిలి ప్రమాదకరము.

ఈ సీమలో ఆశ్వయుజ కార్తికములలో వానలు, తుపానులు అధికము. మేక తడిని సహింపదు. గాలి తగులు ఎత్తైన బల్లచెక్కల అటక వేసి, పెంటికలు క్రిందికి జారునట్లు సందులు విడిచినచో పొడిగా ఉండును. నట్టల నివారణకు మందు, చిటుకు రోగమునకు, పీపీఆర్ వ్యాధికి టీకాలు ఎప్పుడు వేయవలెనో పశువైద్యుని అడిగి తెలిసికొనవలెను. ఒక దినము మేయకున్నను, నెమరు ఆగినను, ఎడమ డొక్క ఉబ్బినను, పెంటికలు జారుడైనను ఇంటివైద్యముతో కాలహరణము చేయరాదు. ప్రశాంతముగా పండుకొని కన్నులు అరమూసి నెమరు వేయుచున్న మేక ఆ ఇంటిని తన ఇల్లుగా అంగీకరించినదని తెలియవలెను.

అక్కగారు కొంతకాలమునకు మరల వచ్చిరి. నల్లపిల్ల అప్పటికి ఇల్లాలి వెంట పెరడంతయు తిరుగుచుండెను. ఆమె చాలసేపు చూచి, "దీని పేరేమిటి?" అని అడిగిరి. ఇంకను పెట్టలేదని ఇల్లాలు చెప్పగా, "అమ్మవారిది కదా, పోలమ్మ అనండి" అనిరి. మ్రొక్కు చెల్లినదని ఆమె నోట వినబడలేదు. పేరు పెట్టిన తరువాత ఆ మాటతో పనియు లేదు.

పతంజలి మహర్షి యోగసూత్రములలో అహింస యందు ప్రతిష్ఠితుడైన వాని సన్నిధిలో ప్రాణులు వైరము విడుచునని చెప్పిరి. ఇది మహాయోగుల విషయమని సామాన్యులు దానిని దాటవేయుదురు. గృహస్థుడు తన స్థాయిని పరీక్షించుకొనుటకు పెరటిలోని మేక చాలును. అతని అడుగులో తొందర ఉన్నచో అది తొలగిపోవును. అతని స్వరములో విసుగు ఉన్నచో చెవులు రిక్కించును. మాటలతో దానిని మోసపుచ్చలేము. నిత్యము ఒకే వేళకు నీరు, ఒకే వేళకు మేత, ఒకే శాంతస్వరము లభించినచో, కొన్ని వారములకు అది తనంతట తాను దగ్గరకు వచ్చును. అభయదానము పూర్తియగునది ఆనాడే. సర్వభూతములకు అభయమిచ్చు శక్తి అందరికి ఉండదు. రెండు ప్రాణులకైనను దానిని సంపూర్ణముగా ఇచ్చినవాని గృహము ఆశ్రమమే యగును.

స్వస్తి.